ఆయన తాగుడు మానితే నేను ఓర్వలేకపోయాను

మా ఆయన తాగుడు మానేసి ఇప్పటికి పద్నాలుగు నెలలు. అసలైతే పంతొమ్మిది కావాల్సింది. ఐదో నెల చివర ఒక మధ్యాహ్నం లెక్క మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ మధ్యాహ్నం గ్లాసు ఎత్తింది ఆయనే. కానీ ఆయన పక్కన ఉండాల్సిన మనిషిని లేకుండా చేసింది నేను.

ఇంట్లో ఒక మనిషి తాగుడు మానుతున్నప్పుడు భార్యకు భయం ఉంటుందని డాక్టరు చెప్పాడు. అలసట ఉంటుందని, కోపం వస్తుందని కూడా చెప్పాడు. అసూయ పుడుతుందని ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

నా పేరు వనజ. తిరుపతిలో ఒక పాత్రల దుకాణంలో పని చేస్తాను. కొన్న పాత్రల మీద పేర్లు చెక్కేది నేనే. మా ఆయన మునిశేఖర్ రేణిగుంట దగ్గర ఒక గోడౌన్‌లో సరుకు ఎత్తి దించే బండి నడుపుతాడు. మాకు ఒక్కతే కూతురు చందన, అప్పటికి ఎనిమిదో తరగతి. మా పెళ్ళయి పదిహేనేళ్ళు. ఆ పదిహేనేళ్ళూ ఆయన తాగాడు.

అక్టోబరు

వానలు పట్టుకున్న వారంలో ఆయన పనిలో ఉండగానే వణుకు వచ్చి పడిపోయాడు. తాగకుండా ఉండగలనేమో చూద్దామని రెండు రోజులుగా ఆపి చూశాడట, నాతో చెప్పకుండా. ఆస్పత్రిలో మొదటి మూడు రోజులు నన్ను గుర్తుపట్టలేదు. దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతూ ఉండేవాడు. "చందనా, ఆ చీమల్ని తోసెయ్ పాపా" అన్నాడు నన్ను చూసి. నేను తోశాను, దుప్పటంతా.

బయట వరండాలో ఇనుప కుర్చీలు. ఎడమ వైపు తలుపు గుండె జబ్బుల వాళ్ళది, కుడి వైపు తలుపు మాది, తాగుడు మాన్పించే వార్డు. కుర్చీలు మాత్రం అందరికీ అవే. గుండె జబ్బుల వాళ్ళకి చుట్టాలు వచ్చేవాళ్ళు. పళ్ళ సంచులు, ఫ్లాస్కులో కాఫీ, భుజం మీద చెయ్యి వేసి చెప్పే ధైర్యం. మా వైపు ఎవరూ రాలేదు. మా అత్త అందరికీ టైఫాయిడ్ అని చెప్పింది. పక్క కుర్చీలో కూర్చున్న ఒకామె నన్ను అడిగింది, "మీ ఆయనకేం జబ్బు?" అని. "లివరు" అన్నాను. ఆమె కళ్ళు కుడి వైపు తలుపు మీదికి పోయి తిరిగి వచ్చాయి. తర్వాత ఆమె సంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

ఆమె మొగుడికి గుండెపోటు వచ్చినందుకు నాకు ఆమె మీద కుళ్ళు పుట్టింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఆ వరండాలో నేను నిజంగా అనుకున్నాను, దేవుడా, ఈయనకి కూడా చెప్పుకోదగ్గ జబ్బే ఇచ్చి ఉండకూడదా అని.

వార్డులో ఊడ్చే కాంతమ్మ ఒక్కతే నన్ను పలకరించేది. ఒక రోజు టిఫిను మూతలో నిమ్మకాయ చిత్రాన్నం పెట్టి నా చేతికిచ్చింది.

"తినుమ్మే. తింటే గదా, లోపలుండే మనిషిని తిట్టేదానికి బలమొచ్చేది" అంది.

వారం రోజుల్లో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

పదో రోజు దొరస్వామి వచ్చాడు. రేణిగుంటలో స్టేషనుకు దగ్గరగా టైలరింగ్ అంగడి ఆయనది. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. తాగుడు మానేసి పదకొండేళ్ళయింది. ఇలా మానినవాళ్ళు కొందరు ప్రతి ఆదివారం సాయంత్రం ఒక చర్చి వెనక హాలులో కలుస్తారు. కొత్తగా మానేవాడికి పాతవాడొకడు తోడుంటాడు. డాక్టరు కబురు పెడితే వచ్చాడు. లోపల ఒక అరగంట కూర్చున్నాడు. ఆయన బయటికి వచ్చాక నేను లోపలికి వెళ్తే మా ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఏడవగా చూడడం అదే మొదలు.

నేను మళ్ళీ బయటికి పరిగెత్తాను. "ఏం చెప్పినారన్నా ఆయనకి?"

"ఏమీ సెప్పలేదమ్మా. నేను యాడ యాడ పడుండేవాణ్ణో సెప్పినా. అంతే."

పదిహేనేళ్ళలో నేను ఏం చేయలేదు? దేవుడి మీద ఒట్టు వేయించాను. మాల వేయించాను. కూతురి తల మీద చెయ్యి పెట్టించాను. రెండుసార్లు పుట్టింటికి పోయి, నా అంతట నేనే తిరిగి వచ్చాను. ఆ మనిషి అరగంటలో చేశాడు. సంతోషం కలిగింది, కలగలేదని చెప్పను. కానీ ఆ సంతోషం కింద ఏదో ముల్లులా గుచ్చుకుంది. దాని పేరు నాకప్పుడు తెలియదు.

నవంబరు, డిసెంబరు

ఇంటికి వచ్చాక పని నేననుకున్నట్టు లేదు. తాగుడు పోతే పాత మనిషి తిరిగి వస్తాడనుకున్నాను. వచ్చినవాడు కొత్తవాడు. కుక్కర్ కూతకి ఉలిక్కిపడేవాడు. జేబులో ఎప్పుడూ బెల్లం మిఠాయి ఉండేది. సాయంత్రం ఆరయితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మంచాలు జరిపేవాడు, గిన్నెలు తోమేవాడు, తోమినవే మళ్ళీ తోమేవాడు. పనికి పోయే దారిలో మందు అంగడి ఉందని ఊరంతా చుట్టి పోయేవాడు. ఆయన అడుగుల చప్పుడు వినగానే చందన ఎప్పటిలాగే తన గది గడియ వేసుకునేది. ఆయన ఆ గడియ చప్పుడు విని, విననట్టు చెప్పులు విప్పేవాడు.

నేనేమో ఆయన చేతిలో క్యారేజీ అందుకునే నెపంతో దగ్గరికి పోయి వాసన చూసేదాన్ని. ఒక రోజు "ఊదమంటావా?" అన్నాడు నెమ్మదిగా. నేను క్యారేజీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన ఊదాడు. బెల్లం వాసన.

రోజూ పొద్దున ఆరింటికి ఆయన ఫోన్ తీసుకుని మిద్దె మీదికి పోయేవాడు. దొరస్వామితో మాట్లాడేవాడు, ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ముప్పై. వంటింటి కిటికీలోంచి మాటలు తెలిసేవి కావు. నవ్వు మాత్రం వినిపించేది. మా పెళ్ళయిన కొత్తలో ఉండిన నవ్వు అది. కిందికి దిగి వచ్చేసరికి అది ఉండేది కాదు. "ఏమన్నాడు?" అంటే "ఏముండాది, ఊరికే" అనేవాడు. నేను పోపు మాడ్చిన రోజులన్నీ ఆ రోజులే.

డిసెంబరులో ఒక ఆదివారం ఇంటివాళ్ళను కూడా రమ్మన్నారు. ముప్పై మందిదాకా ఉన్నారు. నా చేతికి టీ ఇచ్చారు. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"నా బిడ్డ పుట్టిన రోజు డ్యూటీలో ఇరుక్కున్యానని మా ఇంటామెకి సెప్పినా" అన్నాడు. "డ్యూటీ లేదు. బస్టాండు ఎనకాల తాగి పడుండినా. ఆమెకి ఇంతవరకూ తెలీదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ధైర్యంగా నిజం చెప్పినందుకు.

పదమూడేళ్ళుగా ఆ కథ నేను అందరికీ చెప్పుకున్నాను. పాపం, డ్యూటీలో ఇరుక్కుని బిడ్డ మొహం చూడలేకపోయాడు అని. ఆ ఒక్క కథలో ఆయన మంచివాడు. దాన్ని కూడా పట్టుకుపోయి పరాయి వాళ్ళ ముందు పెట్టాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఆస్పత్రిలో ఒక్కదాన్నే పళ్ళు బిగబట్టి బిడ్డను కన్నదానికి ఎవరు కొట్టారు?

ఇంటికి పోయేటప్పుడు స్కూటరు మీద వెనక నుంచి అడిగాను. "మామా, ఆ మాట ముందు నాకు చెప్పుండకూడదా?" మా వైపు మొగుణ్ణి మామా అనే అంటాం.

"ఆడ సెప్పడం సులువు."

"అంతమంది ముందర సులువా? నా ఒక్కదాని ముందర కష్టమా?"

ఆయన స్కూటరు పక్కకి ఆపాడు. తల తిప్పలేదు. "వాళ్ళకి నేను తాగినప్పుడు ఎట్లుంటానో తెలీదు వనజా. నీకు తెలుసు. నీ మొగం సూస్తే నాకు అదంతా కనపడతాది. నోరు రాదు."

ఈ మాట అర్థం కావడానికి నాకు చాలా నెలలు పట్టింది. ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే. ఈయన మంచితనం అంతా బయటివాళ్ళకి. నాకు మిగిలింది మౌనం.

జనవరి, ఫిబ్రవరి

దొరస్వామి ఇంటికి రావడం మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం వచ్చి, సంగటి తిని, సాయంత్రం ఇద్దరూ కలిసి హాలుకి పోయేవాళ్ళు. చందనకి ఆయన వారం తిరిగేలోపు పెదనాయన అయిపోయాడు. పాత పట్టుచీర ఒకటి అడిగి తీసుకుపోయి, దాంతో చందనకి పావడా కుట్టి తెచ్చాడు. కొలత తీసుకోలేదు, చూపుతోనే కుట్టాడు. చక్కగా సరిపోయింది. అది వేసుకుని చందన గదిలోంచి బయటికి వచ్చి వాళ్ళ నాయన ముందు తిరిగి చూపించింది. తర్వాత ఆ గది గడియ వేయడం తగ్గింది.

తల్లిగా నేను ఆ మనిషి కాళ్ళకు మొక్కాలి. నేను మాత్రం ఆ పావడాలో కుట్లు వెతికాను. ఎక్కడైనా వంకరగా ఉందేమోనని. లేదు.

ఆయన పేరు ఫోన్లో మోగితే ఎత్తి, "ఉండాడు" అని మా ఆయన చేతికిచ్చేదాన్ని. ఇంకో మాట అనేదాన్ని కాదు.

మార్చి

పలమనేరులో మా ఆయన చిన్నాయన కొడుకు పెళ్ళి. ఆ ఇంట్లో అన్నదమ్ములంతా కలిసి తాగినవాళ్ళే. పోకపోతే మాట పడాలి, పోతే భయం. ఆదివారం హాలులో అడిగితే, పోతే ఒంటరిగా పోవద్దన్నారు. దొరస్వామి తాను తోడు వస్తానన్నాడు. భార్యగా నేను ఆయన పక్కనే ఉంటాను కదా. నేనుంటే అది ఒంటరి కిందే లెక్కా? ఆ మాట నాలో కూర్చుంది.

పెళ్ళికి ముందు రోజు సాయంత్రం మా ఆయన స్నానం చేస్తుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, రేపు ఆరింటికి బస్టాండుకాడికి వస్తానని సెప్పు. ఒక పూటే గదా, అంగడి మూసేస్తా" అన్నాడు దొరస్వామి.

"వద్దులే అన్నా" అన్నాను. "మేం పెళ్ళికి పోవడం లేదు. ఆయనే వద్దన్నాడు."

"మంచి పని సేసినాడమ్మా" అన్నాడు. ఎంత సంతోషపడ్డాడో ఆ గొంతు విన్న నాకు తెలుసు.

మా ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. "అన్నకి జ్వరమంట" అన్నాను. "రేపు రాలేడంట. పడుకుంటాడంట, ఫోన్ చేయొద్దన్నాడు."

తువ్వాలు అలాగే తల మీద ఉండిపోయింది. "అయితే మానుకుందామా?"

"ఎందుకు? నేను లేనా?"

తువ్వాలు తీసి దండెం మీద వేసి, "ఉండావులే" అన్నాడు.

ఒక్కసారి నేను గెలవాలనుకున్నాను. అంతమంది తాగేవాళ్ళ మధ్య నుంచి ఆయన్ని నా చేత్తో తడి అంటకుండా తీసుకురావాలి. తర్వాత ఆ హాలులో ఆయన లేచి, మా ఇంటామె వల్లే నిలబడినా అని చెప్పాలి. నేను కోరుకున్నది అంతే. అందుకోసం ఆయన ప్రాణం మీదికి తెస్తున్నానని తట్టలేదు. తట్టినా పక్కకి తోశానేమో.

చందనకి పరీక్షలు, మా అమ్మ దగ్గర వదిలాం. పలమనేరులో మార్చిలో కూడా గాలి చల్లగా ఉంది. ముహూర్తం దాకా నేను ఆయన చెయ్యి వదల్లేదు. భోజనాల్లో పక్కనే కూర్చున్నాను. రెండు గంటలప్పుడు వాళ్ళ పిన్నమ్మ, "వనజా, తాంబూలం సంచులియ్యాల రామ్మే" అని పిలిచింది. పదిహేను నిమిషాలు. తిరిగి వస్తే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

మంటపం అంతా వెతికాను. వంటవాళ్ళని అడిగాను. వెనక గోడ పక్కన ఒక వ్యాను, తలుపు తెరిచి ఉంది. లోపల నలుగురు అన్నదమ్ములు, వాళ్ళ మధ్యలో ఈయన. చేతిలో ప్లాస్టిక్ గ్లాసు, సగం ఖాళీ. అది మొదటిది కాదని కళ్ళు చూస్తేనే తెలిసింది.

"వదినా, ఒక్కటే, పెండ్లి గదా" అన్నాడెవరో. నేను వినలేదు. మా ఆయన నన్నే చూస్తున్నాడు.

"అన్నకి ఫోన్ సేద్దామనుకున్యా" అన్నాడు. నాలుక అప్పటికే మందంగా ఉంది. "రెండుసార్లు నెంబరు తీసినా. జ్వరమన్నావే అని సేయలేదు."

వ్యాను మెట్టు మీదే కూర్చున్నాను. ఏడవలేదు. దొరస్వామికి ఫోన్ చేశాను.

"అన్నా, నేను అబద్ధం చెప్పినా. పెళ్ళికొచ్చినాం. ఆయన తాగేసినాడు."

అవతల కాసేపు కుట్టు మిషను చప్పుడు వినిపించి, ఆగింది. "యాడుండారు?" అన్నాడు.

మా ఆయన్ని నేనూ, ఆయనకి తమ్ముడి వరసయ్యే ఒకబ్బాయీ కలిసి బస్టాండుకి తీసుకొచ్చాం. దొరస్వామి బస్సు దిగేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. మా ఆయన బెంచీ మీద ముడుచుకుని నిద్రపోతున్నాడు. దొరస్వామి తన కండువా తీసి ఆయన మీద కప్పి, నాకో టీ తెచ్చి ఇచ్చాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మీరంటే నాకు పడదన్నా" అన్నాను చివరికి.

"తెలుసమ్మా. ఫోనెత్తి 'ఉండాడు' అంటావే, ఆ ఒక్కమాట సాలదా?"

ఆయన బెంచీ చివర కూర్చున్నాడు. "మా ఇంటామె నాకోసరం ఇరవై ఏండ్లు ఏడ్సింది. నేను మానిన యేటికి ఆమె లేదు. దానికి ముందు యేడే పోయింది. నా మంచి రోజులన్నీ పరాయోళ్ళు సూస్తాండారు" అన్నాడు. "పొద్దున్నే మీ వోడితో మాట్లాడతాంటే ఎనకాల నువ్వు బిడ్డిని లేపతా అరస్తాంటావు. పెనం మింద దోసె సుయ్యిమంటాది. ఫోన్ పెట్టేసినాక నా ఇంట్లో ఏ సప్పుడూ ఉండదు. మీ ఇంటి మింద నాకెంత కుళ్ళో నీకు తెలీదు తల్లీ."

టీ చల్లారిపోయింది. ఈయనకి నా మీద కుళ్ళు! నేను ఎవరి మీద పళ్ళు నూరుతున్నానో ఆ మనిషి, రోజూ ఇరవై నిమిషాలు నా ఇంటి చప్పుడు విని బతుకుతున్నాడు.

"వానికి నువ్వే సెప్పాల" అన్నాడు బస్సెక్కే ముందు. "నేను సెప్పను. అడిగితే మాత్రం జ్వరమొచ్చిందని అబద్ధమాడను."

ఏప్రిల్ నుంచి

మర్నాడు చెప్పాను, దాచకుండా. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పనికి పోయాడు, వచ్చాడు, ముందు గదిలో పడుకున్నాడు. ఆ నాలుగు రోజుల్లో మళ్ళీ తాగుతాడని గడప దగ్గరే నిలబడి ఉండేదాన్ని. తాగలేదు.

ఐదో రోజు పొద్దున నేను బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అబద్ధం ఇన్నోడికి ఎట్లుంటాదో నాకిప్పుడు తెలిసె" అన్నాడు. "నేను ఒక్కటి ఇన్నా. నాలుగు దినాలు ముద్ద దిగలేదు. నువ్వు పదిహేనేండ్లు ఇన్యావు."

నేను చాట పక్కన పెట్టాను.

"గ్లాసెత్తింది మాత్రం నేనే. అది నీ మిందికి తోసను. నువ్వూ తీసుకోవద్దు."

ఆ తర్వాతి ఆదివారం నుంచి హాలు పక్క గదిలో ఇంటి ఆడవాళ్ళు కూర్చునే చోటికి నేనూ పోతున్నాను. ఐదారుగురం ఉంటాం. మొదటి రోజు నా సంగతి చెప్పి తల వంచుకున్నాను. పుత్తూరు నుంచి వచ్చే ఒక పెద్దావిడ నవ్వింది. "నేను డాక్టరమ్మ మింద కుళ్ళుకున్యా. ఆమె సెప్తే మాత్ర ఏసుకుంటాడు, నేను సెప్తే ఉమ్మేస్తాడు" అంది. అందరం నవ్వాం, కళ్ళు తుడుచుకుంటూ.

అసూయ పోయిందా అని అడిగితే, పోలేదు. ఇప్పుడు అది వస్తే పేరు పెట్టి గుర్తుపడతాను, అంతే. ఇప్పుడు వరండాలో ఆ ఇనుప కుర్చీల మీద కూర్చున్న ఆడవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీరు ఏళ్ళ తరబడి అడిగితే ఆగనివాడు ఎవరో పరాయివాడి మాటకి ఆగితే, మీకు మండుతుంది. మండనివ్వండి. ఎవరికైనా చెప్పుకోండి. ఆ ఇద్దరి మధ్యకి మాత్రం పోవద్దు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం. ఎండకి దుకాణంలో ఎవరూ లేరు. ఒక బిందె మీద పెళ్ళికూతురి పేరు చెక్కుతున్నాను. తలెత్తితే మా ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. డ్యూటీ వేళ. చొక్కా చెమటతో వీపుకి అంటుకుంది.

"ఏమైంది మామా?"

అటూ ఇటూ చూశాడు. మిషను ఆపాను.

"తాగాలనిపిస్తాండాది వనజా" అన్నాడు. "పొద్దున్నించీ. పనిలో ఉండలేక వచ్చేసినా."

ఈ మాట వినాల్సి వస్తుందనే పదిహేనేళ్ళు భయపడ్డాను. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. దొరస్వామికైతే తెలిసేది. నేను ఓనరుతో ఒక మాట చెప్పి, ఆయన్ని లోపల గోడౌన్ గదిలోకి తీసుకుపోయాను. అట్టపెట్టెల మధ్య చాప వేసుకుని కూర్చున్నాం. ఫ్యాను కింద గంటసేపు. ఆయన కొంచెం చెప్పాడు, ఎక్కువసేపు ఊరికే ఉన్నాడు. నేను బోధ చేయలేదు, ఏడవలేదు, ఒట్టు వేయించలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మూడింటికి లేచి మొహం కడుక్కున్నాడు. "పోతా, మిగతా డ్యూటీ సేసుకోవాల" అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక మిద్దె మీదికి పోయి దొరస్వామికి ఫోన్ చేశాడు. ఈ సంగతంతా చెప్పాడు. కిటికీలోంచి విన్నాను. గుండెలో ఎప్పటిలాగే చురుక్కుమంది.

అయినా, ముందు నాకే చెప్పాడు.